ఇల్లు మారిన డెగూకి ఏం కావాలి

రెస్క్యూ సెంటర్ నుంచి మీరు తెచ్చుకోబోయే డెగూకి మీ ఇల్లు మొదటి ఇల్లు కాదు. అంతకుముందు ఎవరో దాన్ని ముచ్చటపడి కొనుక్కున్నారు, పేరు పెట్టారు, కొన్నాళ్లు పెంచారు, చివరికి తమవల్ల కాక వదిలేశారు. అలా వదిలేసినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లేం కాదు. ఆ జంతువు ఎక్కడిదో, దాని ఒళ్లు ఎలా పనిచేస్తుందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అందుకే బోను, మేత, మందుల కన్నా ముందు ఒక కొండవాలు గురించి చెప్పుకుందాం. అది మనసుకి ఎక్కితే ఈ అధ్యాయంలోని జాగ్రత్తల్లో సగం మీరే ఊహించగలుగుతారు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నడిమి భాగంలో, ఆండీస్ పర్వతాలకు పడమటి వైపున పొదలతో నిండిన పొడి కొండవాలులు ఉన్నాయి. చలికాలంలో కాసిని వానలు, తర్వాత నెలల తరబడి ఎండ. అక్కడ విరివిగా పెరిగే ఎస్పినో అనే ముళ్లచెట్టు మన నల్లతుమ్మకి దగ్గరి చుట్టం. అలాంటి పొదల మొదళ్లలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే చిన్న జంతువు డెగూ. పసుపు కలిసిన గోధుమరంగు ఒళ్లు, పెద్ద నల్లటి కళ్లు, చివర నల్లని కుచ్చున్న పొడవాటి తోక. పెద్దది 170 నుంచి 300 గ్రాముల దాకా తూగుతుంది. చూడ్డానికి ఎలుకలా ఉన్నా గినీ పిగ్‌కీ చించిల్లాకీ బంధువు. చిలీలో పుట్టి ఇటలీలో ప్రవాసంలో ఉన్న జెసూట్ పండితుడు మొలీనా 1782లో దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించినప్పుడు ఉడతల జాతిలో చేర్చాడు. తర్వాత అర్ధశతాబ్దానికి అటు వెళ్లిన డార్విన్‌కి కంచెల వెంట, పొదల్లో ఇవి వందల కొద్దీ కనిపించాయి.

ఆ బొరియల్లో కాపురం ఉమ్మడిది. రెండు మూడు ఆడ డెగూలు ఒకేచోట ఈని, ఒకదాని పిల్లలకి మరొకటి పాలిస్తాయి. మగవి కూడా పిల్లల్ని ఒంటికి హత్తుకుని వెచ్చగా ఉంచుతాయి. ఒకటి మేస్తుంటే ఇంకొకటి ఆకాశం వైపు గద్దల కోసం చూస్తుంటుంది. ప్రమాదం కనబడితే ఒక రకం అరుపు, దగ్గరివాళ్లని పలకరించడానికి మరో రకం కిచకిచ, తల్లి పిల్లలతో మాట్లాడటానికి ఇంకో రకం. మనలాగే పగలు మేలుకుని రాత్రి నిద్రపోతాయి. ఉదయం, సాయంత్రం చురుగ్గా తిరుగుతాయి, మండుటెండలో బొరియలోకి దూరతాయి. తెలివైనవి కూడా. జపాన్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అందని తిండిని చిన్న దంతెలాంటి పనిముట్టుతో లాక్కోవడం డెగూలు నేర్చుకున్నాయి.

ఇలాంటి ప్రాణిని ఒక్కదాన్నే తెచ్చి, బల్ల మీద చిన్న పంజరంలో పెట్టి, ముద్దొచ్చినప్పుడల్లా కిస్మిస్ పెడితే ఏమవుతుందో చూడాలంటే బ్రిటన్‌లో చిన్న జంతువులకి ఆశ్రయమిచ్చే ఏ సెంటర్‌కైనా వెళ్లండి. కంబీలు కొరికి కొరికి మూతి మీద వెంట్రుకలు ఊడినవి, తోక సగమే మిగిలినవి, కళ్లలో తెల్లటి పొర కమ్మినవి అక్కడికే చేరతాయి.

గుంపులుగా చేరేవీ ఉంటాయి. డెగూల్లో ఆడదాన్నీ మగదాన్నీ పోల్చుకోవడం కష్టం. మగదానికి వృషణాలు బయటికి కనబడవు, ఆడదానికీ మగదానికున్నట్టే ముందుకి పొడుచుకొచ్చిన చిన్న భాగం ఉంటుంది. ఆ భాగానికీ మలద్వారానికీ మధ్య దూరం మగదాంట్లో ఎక్కువ, ఆడదాంట్లో దాదాపు ఉండదు. తెలియనివాళ్లు పొరపాటు పడతారు, అన్నదమ్ములని చెప్పి అమ్మిన జత కొన్ని నెలలకే సంసారమవుతుంది. గర్భం 90 రోజుల పాటు ఉంటుంది. ఒక్కో ఈతలో ఐదారు పిల్లలు పుట్టడం మామూలే, అవీ ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి. ఈనిన వెంటనే తల్లి మళ్లీ కట్టగలదు. కాబట్టి సెంటర్ వాళ్లు ఏ జత ఇచ్చినా, లింగం చూసి నిర్ధారించిందెవరు, ఆడదైతే ఇంతకుముందు మగవాటితో ఉందా అని అడగండి. మగదానికి ఆపరేషన్ చేయించినా, ఆ తర్వాత కొన్ని వారాల పాటు దాన్ని ఆడవాటికి దూరంగానే ఉంచాలి.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. వయసెంత, పాత ఇంట్లో ఏం తినేది, బరువు ఎలా మారుతోంది, పళ్లు ఎవరైనా పరీక్షించారా, ఎవరితో కలిసి ఉండేది, ఎవరితో పడలేదు. మంచి సెంటర్ ఈ ప్రశ్నలకి విసుక్కోదు. పైగా వాళ్లు మిమ్మల్ని అంతకన్నా ఎక్కువ అడుగుతారు. బోను ఫొటో పంపమంటారు, అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ఉందా అంటారు, కొందరు ఇంటికొచ్చి చూస్తారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న ప్రాణికి రెండోసారి పోకూడదన్నదే వాళ్ల ఆరాటం.

ఆ ఆరాటం మనవాళ్ల విషయంలో మరీ అవసరం. బ్రిటన్‌లో ఉద్యోగరీత్యా ఉంటున్న తెలుగు కుటుంబాలు రెండు మూడేళ్లకోసారి ఊరు మారతాయి, వేసవి సెలవులకి నెలా నెలన్నర ఇండియా వస్తాయి. డెగూ ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. మీరు విజయవాడలో ఉన్న నెల రోజులూ రోజూ గడ్డి వేసి, నీళ్లు మార్చి, తిన్నదో లేదో గమనించేవాళ్లు ఎవరో ముందే తేలాలి. పక్కింటివాళ్లు రెండ్రోజులకోసారి వచ్చి చూస్తే చాలదు. అమెరికాకి మారే ఆలోచన ఉంటే అదీ లెక్కలో వేసుకోండి. కాలిఫోర్నియాలో డెగూని పెంచడం చట్టవిరుద్ధం. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్నవాళ్లు అడిగితే మాత్రం నా సలహా ఒక్కటే, వద్దు. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగిలే ప్రాణికి మన ఏప్రిల్, మే నెలల్లో ఒక్కరోజు కరెంటు పోయినా ప్రాణం మీదికొస్తుంది. చిలీలోనైతే చల్లటి బొరియలోకి దిగిపోతుంది, ఇక్కడ దానికి దిగే చోటు లేదు.

జతగానే తెచ్చుకోండి. ఇందులో బేరం లేదు. స్విట్జర్లాండ్‌లో డెగూని ఒంటరిగా ఉంచకూడదని, కనీసం రెండింటిని కలిపి ఉంచాలని చట్టమే ఉంది. మీరు రోజంతా దాని ఎదుట కూర్చున్నా దానికి కావలసిన తోడు కాలేరు, దాని మెడ కింద పళ్లతో దువ్వలేరు, రాత్రి దాని మీద పడి నిద్రపోలేరు. ఒకే లింగానికి చెందిన, ముందునుంచీ కలిసి ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లనో అన్నదమ్ములనో తెచ్చుకుంటే కొత్తవాళ్లకి సులువు. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ విడదీయొద్దు. గినీ పిగ్‌తోనో చించిల్లాతోనో జతకట్టించడం మాత్రం పనికిరాదు. చుట్టరికమున్నా వాటి భాషలు వేరు.

బోను వాటికన్నా ముందే ఇంటికి రావాలి. రెండింటికి కనీసం మీటరు వెడల్పు, అర మీటరు లోతు, మీటరు ఎత్తు ఉండాలి, పెద్దదైతే మరీ మంచిది. చెక్క బోనుల్నీ ప్లాస్టిక్ అడుగున్న వాటినీ అవి వారాల్లో కొరికి పారేస్తాయి, మింగిన ప్లాస్టిక్ పేగుల్లో ఇరుక్కుంటుంది. ఇనుపదే కావాలి. మెట్లు, అరలు తీగలతో అల్లినవైతే వాటి మీద చదునైన చెక్కో పలకో పరచండి, లేకపోతే అరికాళ్లు పుళ్లు పడతాయి. అడుగున కాగితపు గుజ్జుతో చేసిన పరుపో జనపపొట్టో చేతి లోతు మించి నింపండి. అవి తవ్వాలి, తవ్వకపోతే ఉండలేవు. పైన్, సెడార్ లాంటి ఘాటువాసన చెక్కపొట్టు ఊపిరితిత్తులకి మంచిది కాదు. పరిగెత్తడానికి చక్రం పెట్టాలి, అది 30 సెంటీమీటర్లకి తగ్గకుండా, మధ్యలో సందుల్లేని రేకుదై ఉండాలి. చువ్వల చక్రంలో కాలో తోకో ఇరుక్కుంటే విరిగిపోతుంది. కొరకడానికి ఆపిల్, హేజెల్, విల్లో కొమ్మలు వేయండి. వారానికి కొన్నిసార్లు గిన్నెలో చించిల్లా ఇసుక పెట్టండి. అందులో పొర్లితేనే ఒంటి మీది జిడ్డు వదిలి బొచ్చు శుభ్రపడుతుంది. నీళ్లతో స్నానం చేయించవద్దు. బోను ఉండే గది 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే హాయి. కిటికీ ఎండ సూటిగా పడే చోటా, హీటర్ పక్కనా పెట్టకూడదు.

ఇల్లు చేరిన రోజు వాటి పాత పరుపు ఒక గుప్పెడు సెంటర్ నుంచి అడిగి తెచ్చి కొత్త బోనులో వేయండి. డెగూలు తమ వాసనతోనే ఇల్లు గుర్తుపడతాయి. మన కంటికి అందని అతినీలలోహిత కాంతిని అవి చూడగలవు, తాజా మూత్రం ఆ కాంతిని వెనక్కి పంపుతుంది. అంటే అవి మూత్రం చుక్కలు విడుస్తూ వెళ్లిన దారులు వాటికి వాసనతోపాటు కంటికీ తెలుస్తాయి. మన శుభ్రత అలవాటు కొద్దీ బోను మొత్తం ఒకేసారి కడిగేస్తే, వాటి ఊరు వాటికి కనబడకుండా పోతుంది. ఈ వారం ఒక అర, వచ్చే వారం సగం పరుపు, అలా విడతలుగా మార్చండి.

ఇక తీపి సంగతి. ఈ అధ్యాయంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి. డెగూ ఇన్సులిన్ నిర్మాణమే వేరు, చాలా క్షీరదాల ఇన్సులిన్‌తో పోలిస్తే దాని బలం చాలా తక్కువ. ఎండిన గడ్డి, ఆకులు, బెరడు తిని బతికిన జాతికి రక్తంలో చక్కెరని అదుపు చేయవలసిన అవసరం పెద్దగా రాలేదు. ఆ ఒంట్లోకి తీపి వెళ్తే షుగర్ వ్యాధి తేలిగ్గా వస్తుంది. దాని కంటి కటకంలో చక్కెరని మరో పదార్థంగా మార్చే ఎంజైము చాలా చురుగ్గా ఉంటుంది. ఆ పదార్థం పేరుకుపోయి, షుగర్ మొదలైన కొద్ది వారాల్లోనే శుక్లాలు కమ్ముతాయి. నీళ్ల సీసా మామూలుకన్నా త్వరగా ఖాళీ అవుతున్నా, పరుపు ఎక్కువగా తడుస్తున్నా, కన్నులో తెల్లటి మబ్బు కనబడినా వెంటనే డాక్టరుకి చూపించండి.

కాబట్టి మామిడి ముక్క వద్దు, అరటిపండు వద్దు, కిస్మిస్ వద్దు, బెల్లం తగిలినదేదీ వద్దు. మన ఇళ్లలో ఇది చెప్పినంత తేలిక కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి, తాతయ్యకి ఇంట్లో ఉన్న ప్రాణికి నోట్లో ఏదో ఒకటి పెట్టకపోతే మనసొప్పదు. 'ఒక్క ముక్కకి ఏమవుతుందిలే' అంటారు, ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. వాళ్లని వారించడం కన్నా పెట్టదగినదేదో చేతికివ్వడం మేలు. రెండు కొత్తిమీర కాడలు, ఒక డాండెలియన్ ఆకు, ఎండబెట్టిన గులాబీ రేకు వాళ్ల చేత్తో పెట్టించండి. వాళ్ల ముచ్చటా తీరుతుంది, డెగూకీ క్షేమం.

అసలు తిండి ఎండుగడ్డే. టిమోతీ గడ్డో, పచ్చికబీళ్ల గడ్డో రాత్రింబగళ్లు బోనులో ఉండాలి, అయిపోకూడదు. దాంతోపాటు బెల్లపు మడ్డి కలపని గుళికలు రోజుకి ఒక్కోదానికి సుమారు 10 గ్రాములు. రంగురంగుల గింజలు, ఎండుపళ్లు కలిపి అమ్మే పొట్లాలు కొనకండి. తీపివి ఏరుకు తిని మిగతావి వదిలేస్తాయి. పాత ఇంట్లో అలాంటి తిండికే అలవాటుపడి వస్తే ఒక్కరోజులో మార్చేయకండి. రెండు మూడు వారాల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ రావాలి, లేకపోతే పేగులు తట్టుకోలేవు.

గడ్డి కడుపుకెంత అవసరమో పళ్లకీ అంత అవసరం. డెగూ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఇసుకరేణువుల్లాంటి గట్టిదనమున్న గడ్డిని గంటల తరబడి నమిలితేనే అరుగుతాయి. ముందుపళ్లు నారింజరంగులో ఉండాలి. పిల్లల్లో తెల్లగా ఉన్నా పెద్దయ్యాక రంగు రావాలి, వచ్చిన రంగు వెలిసిపోతే ఏదో జబ్బు ఉన్నట్టు. లోపలి దవడపళ్లు మనకి కనబడవు. అవి పెరిగిపోయాయని చెప్పేవి చిన్న చిన్న గుర్తులే: గుళికని నోట పెట్టుకుని వదిలేయడం, గడ్డం తడిగా ఉండటం, కన్ను నీరు కారడం, ఊపిరిలో గురక. వీటన్నిటికన్నా ముందే పట్టిచ్చేది బరువు. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి వారానికోసారి తూచి, తేదీతో రాసుకోండి. మీకు కంటికి తేడా తెలిసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది, అంకె ముందే చెబుతుంది. పూటంతా ఏమీ ముట్టకపోతే మర్నాటిదాకా ఆగకండి.

వీధిచివర ఉన్న కుక్కల డాక్టరుకి డెగూ తెలియకపోవచ్చు. చిన్న జంతువుల వైద్యంలో అనుభవమున్న వెట్ ఎక్కడున్నారో దత్తతకి ముందే వెతికి, నంబరు గోడకి అంటించుకోండి. గినీ పిగ్‌కి లాగే దీనికీ నోటితో ఇచ్చే పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్స్ పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీయగలవు. ఇంట్లో ఉన్న మందుసీసా మీద నమ్మకం పెట్టకండి.

షుగర్‌తో చూపు పోయిన డెగూని తెచ్చుకోవాలా అని కొందరు సందేహిస్తారు. తెచ్చుకోవచ్చు. తోడు ఉండి, బోనులో అరలూ గిన్నెలూ ఉన్నచోటే ఉంటే అది వాసనతోనూ మీసాలతోనూ దారి పట్టుకుంటుంది. కాకపోతే బోను సర్దుబాటు మార్చే సరదా మీరు మానుకోవాలి. ఇలాంటివే సెంటర్లలో ఎక్కువకాలం ఉండిపోతాయి కనుక, వీలున్నవాళ్లు వీటివైపు ముందు చూడమని నా విన్నపం.

మచ్చిక చేసుకోవడం నెమ్మదైన పని. మొదటి కొన్ని రోజులు చెయ్యి లోపల పెట్టకుండా బోను పక్కన కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడండి, తెలుగులోనే మాట్లాడండి. వాటికి గొంతు గుర్తుంటుంది. తర్వాత అరచేతిలో రెండు గుళికలు పెట్టి, చెయ్యి కదపకుండా ఉంచండి. పైనుంచి చెయ్యి దింపితే అది గద్దే. పక్కనుంచి, కింది నుంచి వెళ్లాలి. ఎత్తవలసి వస్తే రెండు చేతులూ దోసిలిపట్టి ఒంటి కింద పెట్టండి. తోక మాత్రం పట్టుకోవద్దు, పిల్లలకి ఇది మరీ మరీ చెప్పండి. కొండవాలు మీద నక్క తోక పట్టుకుంటే చర్మం దాని నోట్లో వదిలేసి డెగూ పారిపోతుంది. మీ చేతిలోనూ అదే జరుగుతుంది. చర్మం ఊడి ఎముక బయటపడుతుంది, మిగిలిన ముక్కని అది తనే కొరికేసుకుంటుంది, తోక మళ్లీ రాదు. కొంతకాలానికి అది మీ వేలిని పళ్లతో సుతారంగా గీకితే భయపడకండి, తోటి డెగూకి చేసే సేవే మీకూ చేస్తోంది. కొన్ని ఎన్నాళ్లయినా చేతికి రావు. వాటిని అలాగే ఉండనివ్వండి.

జతలో ఒకటి ముందు పోతుంది. ఆ రోజు గురించి ఇప్పుడే ఆలోచించుకోవాలి, ఎందుకంటే మిగిలినదానికి తోడు కావాలి, తోడు కుదర్చడానికి ఓపిక కావాలి. కొత్తదాన్ని తెచ్చి నేరుగా బోనులో వదిలితే రక్తం చూస్తుంది. రెండు బోనులు పక్కపక్కన, మూతులు అందనంత ఎడంగా పెట్టాలి, లేదా ఒకే బోనుని మధ్యలో సన్నటి జాలీతో విడదీయాలి. రోజు విడిచి రోజు ఇసుకగిన్నెలు మార్చండి, తర్వాత డెగూలనే ఇటుది అటు, అటుది ఇటు మార్చండి. జాలీకి అటూ ఇటూ ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టాక, రెండింటికీ కొత్తదైన చోట, మీ కళ్లెదుట కాసేపు కలపండి. వెనకభాగంతో నెట్టుకోవడం, నిలబడి ముందుకాళ్లతో తోసుకోవడం, తోక ఆడిస్తూ ఒకదాని వెంట ఒకటి పరిగెత్తడం మామూలే. ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి, మీరు తొందరపడి మధ్యలోకి వెళ్లకండి. రెండూ బంతిలా పెనవేసుకుని కొరుక్కుంటేనో, రక్తం కనబడితేనో ఒట్టి చెయ్యి పెట్టకుండా మందపాటి తువ్వాలుతో విడదీసి, మళ్లీ జాలీ దగ్గరినుంచి మొదలుపెట్టండి. దీనికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. ఒకదాని మెడ కింద మరొకటి దువ్వడం చూశాక ఒకే బోనులో ఉంచవచ్చు.

మీకు మొదట డెగూని ఇచ్చిన సెంటర్‌కే ముందు ఫోన్ చేయండి. అక్కడ ఇలాగే జత పోయి మిగిలిన పెద్దవయసుది ఒకటి ఉండొచ్చు. మీకు మళ్లీ మొదటినుంచి ఎనిమిదేళ్లు పెంచే ఉద్దేశం లేకపోతే అదే తగిన తోడు. కొన్ని సెంటర్లు అలాంటిదాన్ని మీ డెగూ బతికున్నంతకాలం మీ దగ్గర ఉంచి, తర్వాత వెనక్కి తీసుకోవడానికి కూడా ఒప్పుకుంటాయి. మీ దగ్గరున్నదాని వయసు, లింగం, ఈమధ్య బరువులు, పాత జతతో ఎలా మెలిగేదో దగ్గర పెట్టుకుని మాట్లాడితే, తమ దగ్గరున్నవాటిలో దేన్ని జాలీకి అవతల పెట్టి చూడవచ్చో వాళ్లు చెప్పగలుగుతారు.